ఒక కొండ స్టేషన్, రెండు లైన్లు: బింగో-ఒచియాయ్ భవిష్యత్తు ఎందుకు తేలడం లేదు

"జపాన్‌లో ఒక్క విద్యార్థిని కోసం స్టేషన్ మూసేయకుండా ఉంచారు" అనే కథ 2016 మొదట్లో ప్రపంచమంతా తిరిగింది. తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికీ అప్పుడప్పుడూ ప్రత్యక్షమవుతూనే ఉంటుంది. హొక్కైదో దీవిలోని క్యూ-షిరతాకి స్టేషన్ కథ అది. స్టేషన్ నిజమే, అక్కడ రైలెక్కిన అమ్మాయీ నిజమే. అయితే ఆ లైన్ మీద రైళ్లు ఆమె ఒక్కదాని కోసం నడవలేదు. అదే పట్టాల మీద దూరప్రాంత ఎక్స్‌ప్రెస్‌లు కూడా పోతాయి. అదే ఏడాది మార్చిలో కొత్త టైంటేబుల్ వచ్చినప్పుడు పక్కనున్న మరో రెండు చిన్న స్టేషన్లతో పాటు దాన్నీ మూసేశారు.

ఆ కథ చదివినవాళ్లకు జపాన్ పల్లెటూరి రైల్వే గురించి ఇప్పుడొస్తున్న వార్తలు అయోమయంగా ఉంటాయి. ప్రయాణికులు లేరంటారు, అయినా రైళ్లు నడుస్తాయి. వంద యెన్ల ఆదాయానికి పాతిక వేల యెన్ల ఖర్చంటారు, అయినా లైన్ మూయలేదు. మూసేస్తారనుకుంటే అదనపు రైళ్లు వేస్తారు. ఈ వైరుధ్యాలన్నీ ఒకేచోట కనిపించే స్టేషన్ బింగో-ఒచియాయ్. హిరోషిమా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటి పాలనా ప్రాంతం) ఉత్తరపు కొండల్లో, షోబారా నగర పరిధిలో ఉంది. గెయిబి లైన్, కిసుకి లైన్ అనే రెండు లోకల్ లైన్లు కలిసే చోటు ఇదే.

క్లుప్తంగా

- బింగో-ఒచియాయ్ నుంచి మూడు దిక్కులకు పోయే రైలు మార్గాలు మూడూ పశ్చిమ జపాన్‌లో రైళ్లు నడిపే జెఆర్ వెస్ట్ కంపెనీ నెట్‌వర్క్‌లో అతి తక్కువ మంది ఎక్కే సెక్షన్లలో ఉన్నాయి.
- ప్రయాణికులు తగ్గడానికి జనాభా ఒక్కటే కారణం కాదు. రోడ్లు మెరుగుపడటం, రైళ్ల వేగం తగ్గించడం, కనెక్షన్లు పలచబడటం ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోయాయి.
- గెయిబి లైన్ గురించి జాతీయ చట్టం కింద ఒక మండలి చర్చిస్తోంది. కిసుకి లైన్ గురించి వేరే చర్చ నడుస్తోంది. స్టేషన్ ఒకటే కాబట్టి ఒకదాని నిర్ణయం రెండోదాని మీద పడక తప్పదు.

మూడు దిక్కులు, ఒకే బోగీ రైళ్లు

గెయిబి లైన్ పొడవు 159.1 కిలోమీటర్లు. ఒకాయామా ప్రిఫెక్చర్‌లోని బిచ్చూ-కోజిరో దగ్గర మొదలై, కొండల మీదుగా పడమరకు సాగి హిరోషిమా నగరం చేరుతుంది. కిసుకి లైన్ 81.9 కిలోమీటర్లు. జపాన్ సముద్రం వైపున్న షిమానె ప్రిఫెక్చర్‌లో షింజి దగ్గర మొదలై దక్షిణానికి కొండలెక్కి బింగో-ఒచియాయ్‌లో ముగుస్తుంది. కిసుకి లైన్‌కు ఇది చిట్టచివరి స్టేషన్, గెయిబి లైన్‌కు దారి మధ్యలో వచ్చే స్టేషన్.

రెండూ సింగిల్ లైన్లే. కరెంటు తీగలు లేవు. పట్టాల మధ్య దూరం 1,067 మిల్లీమీటర్లు, అంటే మన పాత మీటర్ గేజ్ కంటే కాస్త వెడల్పు. నడిచేవి ఎక్కువగా కిహా 120 రకం డీజిల్ రైళ్లు. బోగీ ఒక్కటే, ఇంజను దాని అడుగునే ఉంటుంది. గార్డు ఉండడు, డ్రైవరే టికెట్ డబ్బులు కూడా చూసుకుంటాడు.

స్టేషన్‌లో రెండు ప్లాట్‌ఫాంలు, మూడు ట్రాకులు ఉన్నాయి. రోజులో ఎక్కువ సేపు అక్కడ రైలే కనిపించదు. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో మాత్రం పడమరన మియొషి వైపు నుంచి ఒకటి, తూర్పున నీమి వైపు నుంచి ఒకటి, కిసుకి లైన్ నుంచి ఒకటి వచ్చి మూడు ట్రాకుల మీదా నిలబడతాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన రైలు అభిమానులు కెమెరాలతో దిగి ఫోటోలు తీసుకుంటారు. రైలు మారాల్సినవాళ్లు మారతారు. కాసేపటికి మూడు రైళ్లూ ఒకదాని తర్వాత ఒకటి ఎవరి దారిన అవి వెళ్లిపోతాయి. ఈ కొద్ది నిమిషాలే ఈ స్టేషన్‌ను ఇంకా జంక్షన్‌గా నిలబెడుతున్నాయి. వీటిలో ఏ ఒక్క రైలు టైము అరగంట జరిపినా మిగతా రెండు రైళ్లకూ అర్థం పోతుంది. టైంటేబుల్‌లో ఇంత చిన్న ముడి మీద రెండు లైన్ల మధ్య రాకపోకలన్నీ ఆధారపడి ఉన్నాయన్నది ముందుగా గుర్తుంచుకోవాల్సిన సంగతి.

ఒకప్పుడు వంద మందికి పైగా ఉద్యోగులు

బింగో-ఒచియాయ్ స్టేషన్ 1935 డిసెంబరులో మొదలైంది. మరుసటి ఏడాది తూర్పు వైపు పట్టాలు వచ్చి కలిశాయి. 1937 డిసెంబరులో కిసుకి లైన్ పూర్తవడంతో ఇది జంక్షన్ అయింది. కొండల్లోంచి కలప, బొగ్గులు, ఇతర సరుకులు మైదానానికి చేర్చడం, దక్షిణ తీరమైన సాన్‌యోను, జపాన్ సముద్రం వైపు తీరమైన సానిన్‌ను కలపడం అప్పటి ఉద్దేశాలు.

ఆవిరి ఇంజన్ల కాలంలో కొండదారి జంక్షన్ అంటే చాలా పని. ఇంజన్‌కు నీళ్లు పట్టాలి, బొగ్గు వేయాలి, దాన్ని తిప్పి నిలపాలి. చలికాలంలో మంచు తొలగించాలి. ఇక్కడ లోకో షెడ్, టర్న్‌టేబుల్, సిబ్బంది నివాసాలు ఉండేవి. మంచి రోజుల్లో వంద మందికి పైగా రైల్వే ఉద్యోగులు పనిచేసేవారు. టర్న్‌టేబుల్ ఆనవాళ్లు ఇప్పటికీ గడ్డి మధ్య కనిపిస్తాయి. రైలు మారే ప్రయాణికుల కోసం ప్లాట్‌ఫాం మీద ఒక తినుబండారాల కొట్టు ఉండేది. ఒదెన్ అనే ఉడికించిన ముక్కలను వేడివేడి ఉదోన్ నూడుల్స్‌లో వేసి ఇచ్చే వంటకానికి అది పేరుపడింది. కొట్టు మూతపడి చాలా ఏళ్లయినా దగ్గర్లోని రోడ్డు పక్క హోటల్లో ఆ వంటకం ఇంకా దొరుకుతుంది. స్టేషన్ కోల్పోయిన కస్టమర్లు రోడ్డుకు చేరారనడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ అక్కర్లేదు.

హిరోషిమా నుంచి కిసుకి లైన్ మీదుగా షిమానెలోని మత్సుయె వైపు వెళ్లే చిదొరి ఎక్స్‌ప్రెస్ ఈ స్టేషన్ వైభవానికి గుర్తు. రెండు తీరాల మధ్య నేరుగా నడిచిన ఆ రైలు 1990లో ఆగిపోయింది. ఆ తర్వాత రెండు లైన్ల మధ్య నేరుగా పోయే రోజువారీ సర్వీసు లేకుండా పోయింది. 1997 నుంచి స్టేషన్‌లో సిబ్బంది లేరు. చెక్కతో కట్టిన పాత స్టేషన్ భవనంలో ఇప్పుడు పాత ఫోటోలు, రైల్వే జ్ఞాపకాలు పెట్టారు. వచ్చినవాళ్లకు అవన్నీ స్థానికులే చూపించి వివరిస్తుంటారు.

1980లలోనే మూయాల్సింది, మూయలేదు

ఈ లైన్లు ఇంతకాలం ఎలా నిలబడ్డాయన్నది సహజంగా వచ్చే ప్రశ్న. జవాబు కొంతవరకు రోడ్లలో ఉంది.

జపాన్ జాతీయ రైల్వే అప్పుల్లో కూరుకుపోయినప్పుడు 1980లో ఒక పునర్నిర్మాణ చట్టం వచ్చింది. రోజుకు సగటున 4,000 మంది కంటే తక్కువ ప్రయాణించే లైన్లను వదిలించుకోవడానికి అది దారి వేసింది. దాని కింద చివరికి 83 లైన్లను జాతీయ రైల్వే నుంచి తప్పించారు. వాటిలో 45 బస్సులుగా మారాయి, మిగతావి స్థానిక సంస్థల చేతుల్లో రైళ్లుగానే కొనసాగాయి. కిసుకి లైన్ ప్రయాణికుల సంఖ్య ఆ గీత కంటే ఎంతో కిందనే ఉంది. కానీ చట్టంలో ఒక మినహాయింపు ఉంది. ప్రత్యామ్నాయంగా బస్సులు నడపడానికి సరైన రోడ్డు లేనిచోట లైన్ మూయకూడదు. కిసుకి లైన్ ఎగువ భాగానికి సమాంతరంగా అలాంటి రోడ్డు అప్పట్లో లేదు. అందుకే బతికింది.

ఆ రోడ్డు తర్వాత వచ్చింది. 1992లో ఒకుఇజుమో ఒరొచి లూప్ పేరుతో జంట లూపులుగా మెలికలు తిరిగే రోడ్డు వంతెనలు తెరుచుకున్నాయి. పట్టాల మీద ఇదే ఎత్తు ఎక్కడానికి రైలు చాలా తంటాలు పడుతుంది. ఇజుమో-సకానె స్టేషన్ నుంచి మీయినోహరా దాకా 6.4 కిలోమీటర్లలో సుమారు 160 మీటర్లు పైకి ఎక్కాలి. అందుకని రైలు స్టేషన్‌లోకి ముందుకు వచ్చి, దిశ మార్చుకుని వెనక్కి ఎక్కి, మళ్లీ దిశ మార్చుకుని ముందుకు సాగుతుంది. డ్రైవర్ ఒక చివర క్యాబిన్ నుంచి రెండో చివర క్యాబిన్‌కు బోగీలోంచే నడిచి వెళ్తాడు, కాసేపటికి మళ్లీ వెనక్కి వస్తాడు. ఇంగ్లిష్ జెడ్ అక్షరంలా సాగే ఈ మూడు అంచెల దారిని చూడటానికే చాలామంది వస్తారు. మీయినోహరా స్టేషన్ 727 మీటర్ల ఎత్తున ఉంది. జెఆర్ వెస్ట్ స్టేషన్లలో అన్నిటికంటే ఎత్తైనది అదే. పర్యాటకుడిని ఆకట్టుకునే ఈ నెమ్మదే రోజూ పనికి పోయేవాళ్లకు కారు కొనుక్కోవడానికి కారణమవుతుంది.

గెయిబి లైన్ వైపు కూడా ఇదే జరిగింది. చూగోకు ఎక్స్‌ప్రెస్‌వే 1983 నాటికి పూర్తయింది. తోజో, షోబారా, మియొషి ఊళ్ల నుంచి హిరోషిమాకు హైవే బస్సులు నేరుగా పోతున్నాయి. 2013లో మియొషి దగ్గరి నుంచి షిమానె వైపు, 2015లో దక్షిణాన ఒనొమిచి దాకా కొత్త ఎక్స్‌ప్రెస్‌వే తెరుచుకుంది. హిరోషిమా నుంచి మత్సుయెకు బస్సులో మూడు గంటల చిల్లర పడుతుంది. చిదొరి ఎక్స్‌ప్రెస్ చేసిన పని ఇప్పుడు ఈ రోడ్డే చేస్తోంది.

ఇందులో ప్రభుత్వ విధానం పాత్రను తక్కువగా చూడకూడదు. రోడ్లు, లూపు వంతెనలు ప్రజాధనంతో వచ్చాయి. వాటి మీద నడిచే బస్సును "నీ రోడ్డు ఖర్చు నువ్వే పెట్టుకో" అని ఎవరూ అడగరు. రైలు కంపెనీ మాత్రం తన పట్టాలు, వంతెనలు, సొరంగాలు అన్నీ టికెట్ డబ్బులతోనే నిలుపుకోవాలి. నష్టాల అంకెలు చదివేటప్పుడు ఈ తేడా మనసులో పెట్టుకోకపోతే పోలిక మొదట్లోనే పక్కదారి పడుతుంది.

11 అనే అంకెకు అర్థం

2022 ఏప్రిల్‌లో జెఆర్ వెస్ట్ తన చరిత్రలో మొదటిసారి లోకల్ లైన్ల ఆదాయ వ్యయాలను సెక్షన్ల వారీగా బయటపెట్టింది. రోజుకు 2,000 మంది కంటే తక్కువ ప్రయాణించే 17 లైన్లు, 30 సెక్షన్లు ఆ జాబితాలో ఉన్నాయి. వాటిలో అందరి కళ్లూ పడింది గెయిబి లైన్ తూర్పు భాగంలో తోజో, బింగో-ఒచియాయ్‌ల మధ్యనున్న 25.8 కిలోమీటర్ల మీద. 2019 ఆర్థిక సంవత్సరంలో అక్కడ సగటు ప్రయాణ సాంద్రత 11.

పత్రికలు దీన్ని "రోజుకు 11 మంది ఎక్కుతున్నారు" అని రాశాయి. అది పూర్తిగా సరికాదు. ఏడాదిలో ప్రయాణికులందరూ కలిసి ఆ సెక్షన్‌లో తిరిగిన కిలోమీటర్లను కూడి, సెక్షన్ పొడవుతో, రోజుల సంఖ్యతో భాగిస్తే వచ్చేది సాంద్రత. అంటే సెక్షన్ మొదటి నుంచి చివరిదాకా రోజూ ప్రయాణించే 11 మందితో సమానమైన రద్దీ అన్నమాట. సగం దూరమే వెళ్లేవాళ్లు అయితే అసలు మనుషుల సంఖ్య ఇంకా ఎక్కువ ఉంటుంది. అయినా చిత్రం పెద్దగా మారదు. అక్కడ రోజుకు మూడు రైళ్లు వెళ్లి మూడు వస్తాయి. ఆరు రైళ్లకు 11 అంటే రైలుకు సగటున ఇద్దరు. 1987లో జాతీయ రైల్వేను విడగొట్టి ప్రైవేటు కంపెనీలు చేసిన ఏడాది ఇదే సెక్షన్‌లో సాంద్రత 476.

డబ్బు లెక్క ఇంకా కఠినం. 2017 నుంచి 2019 దాకా మూడేళ్ల సగటు చూస్తే ఈ సెక్షన్‌లో ఏడాదికి వచ్చిన టికెట్ ఆదాయం సుమారు 10 లక్షల యెన్లు, నష్టం సుమారు 26 కోట్ల యెన్లు. 100 యెన్లు సంపాదించడానికి 25 వేల యెన్ల పైచిలుకు ఖర్చు. జాబితాలోని సెక్షన్లలో ఇదే అధ్వానం. బింగో-ఒచియాయ్ నుంచి పడమర వైపు బింగో-షోబారా దాకా సాంద్రత 62. ఉత్తరంగా కిసుకి లైన్ మీద ఇజుమో-యొకొతా దాకా 37. పోలికకు, బింగో-షోబారా నుంచి మియొషి దాకా 380 వరకు ఉంటే, హిరోషిమా నగర శివార్లలో ఇదే గెయిబి లైన్ సాంద్రత వేలల్లో ఉంది. ఒకే పేరున్న లైన్‌లో ఒక చివర ఆఫీసు రద్దీ, ఇంకో చివర ఖాళీ బోగీలు.

ఈ అంకెల్లో ఒక లోటు కూడా ఉంది. సెక్షన్ వారీ లెక్క జంక్షన్‌ను చూడలేదు. కిసుకి లైన్ నుంచి వచ్చి బింగో-ఒచియాయ్‌లో రైలు మారి మియొషికి పోయే మనిషి రెండు సెక్షన్లలోనూ కొద్దికొద్దిగా లెక్కకొస్తాడు. అతను హిరోషిమా దాకా కొనుక్కున్న టికెట్‌లో ఎక్కువ భాగం రద్దీ ఉన్న సెక్షన్ల ఖాతాలో పడుతుంది. బింగో-ఒచియాయ్, బింగో-షోబారా మధ్యనున్న 24 కిలోమీటర్లు లేకపోతే అతను ఆ ప్రయాణమే చేసేవాడు కాదు. స్థానిక సంస్థలు "నెట్‌వర్క్ విలువ" అని పట్టుబట్టేది దీని గురించే, ఆ వాదనలో నిజముంది. కానీ అలాంటి ప్రయాణికులు ఇప్పుడెంతమంది అన్నదే అసలు సంగతి. కనెక్షన్ రోజుకు ఒకటో రెండో ఉన్నప్పుడు దాన్ని నమ్ముకుని పెళ్లికో ఆస్పత్రికో బయల్దేరేవాళ్లు తక్కువ. నెట్‌వర్క్ విలువ కాగితం మీద మిగిలి, టైంటేబుల్‌లోంచి ఎప్పుడో జారిపోయింది.

వేగం తగ్గిస్తే ఖర్చు తగ్గుతుంది, ప్రయాణికులూ తగ్గుతారు

రైల్వే తనకు తానే ఖాళీ అయ్యే తీరు అర్థం కావాలంటే ఈ సెక్షన్‌లో రైలు నడిచే పద్ధతి చూడాలి. తోజో, బింగో-ఒచియాయ్ మధ్య చాలాచోట్ల రైలు గంటకు 25 కిలోమీటర్లకు మించి పోదు. కొన్నిచోట్ల 15 మాత్రమే. కొండ పక్క నుంచి రాయి దొర్లి పట్టాల మీద పడితే డ్రైవర్ చూసి ఆపగలిగే వేగం అది. కొండవాలుకు వలలు వేయడం, గోడలు కట్టడం, పట్టాలు మార్చడం ఖరీదైన పనులు. నెమ్మదిగా నడిపితే ఆ పనులను వాయిదా వేయవచ్చు, ప్రమాదమూ తప్పుతుంది. రైల్వే అభిమానులు ఈ వేగ నియంత్రణకు వెక్కిరింపుగా ఒక పేరే పెట్టారు. దీనికి తోడు నెలకోసారి పగటిపూట రైళ్లు ఆపి మరమ్మతులు చేసే పద్ధతి కూడా ఉంది.

కంపెనీ వైపు నుంచి చూస్తే ఇది తెలివైన పనే. రైలుకు ఇద్దరున్న చోట కొండవాలు మీద కోట్లు పెట్టడం ఏ మేనేజర్‌కూ కుదరదు. ఫలితం మాత్రం చక్రంలా తిరుగుతుంది. 25.8 కిలోమీటర్లకు సుమారు ముప్పావుగంట పడుతుంటే చేతిలో కారున్నవాళ్లు రైలెక్కరు. ఎక్కకపోతే రైళ్లు తగ్గుతాయి. తగ్గితే కనెక్షన్ తెగుతుంది, తెగితే మిగిలిన కొద్దిమందీ పోతారు. చివరికి మిగిలేది లైసెన్సు లేని హైస్కూలు పిల్లలు, కారు నడపలేని వృద్ధులు. జపాన్‌లో జననాలు తగ్గడం వల్ల పిల్లలూ తగ్గుతున్నారు. షోబారా నగర విస్తీర్ణం 1,246 చదరపు కిలోమీటర్లు, జనాభా మాత్రం 35 వేల లోపే. ఊళ్లు స్టేషన్ల చుట్టూ లేవు, లోయల వెంట చెల్లాచెదురుగా ఉన్నాయి. ఇంటి నుంచి స్టేషన్‌కు పోవడానికే కారు కావాలి. ఒకసారి కారెక్కాక నేరుగా ఊరికే పోతారు గానీ మధ్యలో దిగి రైలెక్కరు.

కిసుకి లైన్‌కు మంచు మరో దెబ్బ. ఇజుమో-యొకొతా నుంచి బింగో-ఒచియాయ్ దాకా భారీ మంచు పడే రోజుల్లో రైళ్లు ఆపేసి టాక్సీలు పెడతారు. చలికాలంలో ఎక్కువ రోజులు ఇలాగే గడిచిన సంవత్సరాలున్నాయి. రైలు బదులు టాక్సీ చాలుతుందని రుజువైన చోట, రైలు కావాలని వాదించడం స్థానికులకు ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

కరోనా తెంచిన సర్దుబాటు

ఇంత నష్టం 1987 నుంచి 35 ఏళ్లు కనిపించకుండా ఎలా గడిచింది? షిన్‌కన్‌సెన్ బుల్లెట్ రైళ్లు, ఒసాకా చుట్టుపక్కల రద్దీ లైన్లు తెచ్చే లాభంతో కంపెనీ పల్లె లైన్లను భరించింది. రాతపూర్వకంగా లేకపోయినా విభజన నాటి నుంచి అందరూ ఒప్పుకున్న సర్దుబాటు ఇది. 2020 ఆర్థిక సంవత్సరంలో కరోనా వల్ల జెఆర్ వెస్ట్ 23 వేల కోట్ల యెన్లకు పైగా నష్టపోయింది. పల్లె లైన్ల లెక్కలు బయటికొచ్చింది ఆ తర్వాతే.

చట్టంగా చూస్తే లైన్ మూయడం అంత కష్టం కాదు. 2000 నుంచి ప్యాసింజర్ సర్వీసు ఆపడానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు, ఏడాది ముందు నోటీసు ఇస్తే చాలు. కంపెనీ అలా చేయకపోవడానికి కారణం స్థానిక ప్రభుత్వాలతో సంబంధాలు. వాళ్లు చర్చకు కూర్చోవడానికే భయపడతారు. "మూసివేత ముందే నిర్ణయించుకుని చర్చకు పిలుస్తున్నారు" అన్నది వాళ్ల అనుమానం. ఈ ప్రతిష్టంభనను కదిలించడానికే 2023లో స్థానిక ప్రజారవాణా చట్టాన్ని సవరించారు. దాని ప్రకారం రైల్వే కంపెనీ గానీ స్థానిక ప్రభుత్వం గానీ అడిగితే కేంద్రమే ఒక పునర్వ్యవస్థీకరణ మండలిని ఏర్పాటు చేసి అందరినీ కూర్చోబెట్టవచ్చు.

కొత్త చట్టం 2023 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది. రెండు రోజులకే, అక్టోబర్ 3న, జెఆర్ వెస్ట్ గెయిబి లైన్ కోసం మండలి అడిగింది. 2024 జనవరిలో మండలి ఏర్పడింది, మార్చిలో మొదటి సమావేశం జరిగింది. దేశంలో ఇలాంటి మండలి ఇదే మొదటిది. దాని పరిధి బిచ్చూ-కోజిరో నుంచి బింగో-షోబారా దాకా 68.5 కిలోమీటర్లు. బింగో-ఒచియాయ్ దాని మధ్యలోనే ఉంది. మూడేళ్లలోపు ఒక నిర్ణయానికి రావాలన్నది మార్గదర్శకం.

2025 జులై నుంచి నవంబరు దాకా వారాంతాల్లో హిరోషిమా నుంచి, నీమి నుంచి బింగో-ఒచియాయ్‌కు అదనపు రైళ్లు నడిపారు. మూసే ఉద్దేశమున్న లైన్‌లో రైళ్లు పెంచడమేమిటని చాలామందికి అర్థం కాలేదు. తీర్పుకు ముందు సాక్ష్యం సేకరించడం లాంటిది ఇది. రైళ్లు ఉంటే జనం వస్తారా, వస్తే ఊళ్లో ఎంత ఖర్చుపెడతారు అన్నది లెక్కగట్టి చూడటం ఈ ప్రయోగం పని. అయితే అభిమానులు, పర్యాటకులు వారాంతంలో నింపే బోగీలు సోమవారం ఉదయం హైస్కూలు పిల్లల అవసరం గురించి పెద్దగా ఏమీ చెప్పలేవు. ఈ రెండు అవసరాలను ఒకే అంకెలో కలిపేస్తే అంకె పెద్దదవుతుంది గానీ నిర్ణయానికి ఉపయోగపడదు.

మిగతాచోట్ల ఏం చేశారు

మండలి ముందు కొత్త దారులేమీ లేవు. అన్నీ ఎక్కడో ఒకచోట ప్రయత్నించినవే.

ఫుకుషిమా ప్రిఫెక్చర్‌లోని తదామి లైన్ 2011 జులై వరదల్లో దెబ్బతింది. జెఆర్ ఈస్ట్ బస్సు ప్రతిపాదించింది, స్థానికులు రైలే కావాలన్నారు. చివరికి దెబ్బతిన్న 27.6 కిలోమీటర్ల పట్టాలు, వంతెనలను ప్రిఫెక్చరే సొంతం చేసుకుంది. రైలు నడపడం మాత్రం జెఆర్ ఈస్ట్ పని. సుమారు 900 కోట్ల యెన్లతో మరమ్మతు చేసి 2022 అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టారు. ఆ సెక్షన్‌లో ఇప్పుడూ రోజుకు మూడు జతల రైళ్లే. పట్టాల నిర్వహణ ఖర్చు ఏటా ప్రిఫెక్చర్, ఊళ్లు కలిసి పెట్టుకుంటున్నాయి. రైలు తమకు కావాలనుకుంటే దాని ఖరీదు ఎంతో ఒప్పుకుని కట్టిన ఉదాహరణ ఇది.

క్యూషూలోని హితహికోసాన్ లైన్ మరో దారి పట్టింది. 2017 వరదల్లో పట్టాలు పోయాక కొంత మేర రైలు దారినే బస్సు రోడ్డుగా మార్చి 2023 ఆగస్టులో బీఆర్‌టీ అనే బస్సు సర్వీసు తెరిచారు. బస్సు కాబట్టి ఆస్పత్రి ముందు, స్కూలు ముందు కూడా ఆగుతుంది. రైలు స్టేషన్ల కంటే స్టాపులు మూడు రెట్ల దాకా పెరిగాయి.

బింగో-ఒచియాయ్‌కు దగ్గరి ఉదాహరణ సాన్కో లైన్. గెయిబి లైన్‌లోని మియొషి నుంచి జపాన్ సముద్ర తీరానికి పోయే ఆ 108.1 కిలోమీటర్ల లైన్‌ను 2018 మార్చి 31తో ఆపేశారు. బదులుగా వచ్చిన బస్సులు ఎక్కువగా ఊళ్ల అవసరాల ప్రకారం ముక్కలు ముక్కలుగా నడుస్తాయి. అంచు నుంచి అంచు దాకా రైలు దారి ఒక్కటిగా ఉండేది, బస్సు దారులు అలా ఉండాల్సిన పని లేదు. జంక్షన్ గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి కీలకం.

విపత్తుల్లో ప్రత్యామ్నాయ మార్గంగా పనికొస్తుందన్న వాదన కూడా తరచూ వినిపిస్తుంది. 2018 జులై వరదల్లో తీరప్రాంతపు సాన్‌యో మెయిన్ లైన్ తెగినప్పుడు గూడ్సు రైళ్లను హకుబి లైన్, సానిన్ మెయిన్ లైన్, యమాగుచి లైన్ల మీదుగా మళ్లించారు. గెయిబి లైన్ ఆ పనికి రాలేదు. అదే వరదల్లో దాని వంతెన కూలి, లైన్ మొత్తం మళ్లీ తెరుచుకోవడానికి 2019 అక్టోబరు దాకా పట్టింది. తేలికపాటి ఒకే బోగీ రైళ్లకు తగ్గట్టుగా దిగజారిన పట్టాలను విపత్తు మార్గంగా లెక్కవేయడం కష్టం.

రెండు చర్చలు, ఒకే స్టేషన్

2024 మేలో జెఆర్ వెస్ట్ కిసుకి లైన్‌లోని ఇజుమో-యొకొతా, బింగో-ఒచియాయ్ మధ్యనున్న 29.6 కిలోమీటర్ల గురించి కూడా స్థానిక ప్రభుత్వాలతో మాట్లాడాలనుకుంటున్నట్టు ప్రకటించింది. ఇది గెయిబి లైన్ మండలిలో భాగం కాదు. ఒక చర్చలో హిరోషిమా, ఒకాయామా ప్రిఫెక్చర్లు ముఖ్యం, ఇంకోదానిలో షిమానె ముఖ్యం. హిరోషిమా వైపు కిసుకి లైన్ పట్టాలు కొద్ది కిలోమీటర్లే ఉన్నాయి.

ఇక్కడే అసలు చిక్కు. గెయిబి లైన్ రెండు వైపులా ఆగిపోతే కిసుకి లైన్ ఎగువ భాగం ముందుకు దారి లేని కొండ స్టేషన్‌లో ముగుస్తుంది. షిమానె ప్రభుత్వం దాన్ని ఎంత ఖర్చుపెట్టి నిలుపుకున్నా, చివరి స్టేషన్‌లో దిగినవాళ్లు వచ్చిన రైలులోనే వెనక్కి పోవాలి. అటు నుంచి చూస్తే, కిసుకి ఎగువ భాగం ముందు ఆగిపోతే గెయిబి లైన్‌కు జంక్షన్ అన్న వాదనే పోతుంది. తోజో, బింగో-ఒచియాయ్ సెక్షన్‌ను సమర్థించడానికి మిగిలే కారణాలు మరీ తగ్గుతాయి. ఎవరు ముందు నిర్ణయిస్తే వాళ్లు రెండో లైన్ నిర్ణయాన్నీ సగం చేసేసినట్టే. విడివిడిగా చర్చించడం పరిపాలనకు సులభం కావచ్చు. నెట్‌వర్క్ విలువను కొలవాల్సిన చోట నెట్‌వర్క్‌ను రెండుగా కోసి కొలవడం మాత్రం సరైన పద్ధతి కాదు.

పర్యాటకంలో ఈ కోత అప్పుడే కనిపిస్తోంది. 1998 నుంచి కిసుకి స్టేషన్, బింగో-ఒచియాయ్‌ల మధ్య నడిచిన ఒకుఇజుమో ఒరొచి ట్రాలీ రైలు బోగీలు పాతబడటంతో 2023 నవంబర్ 23న ఆఖరిసారి నడిచింది. దాని స్థానంలో 2024 నుంచి కిసుకి లైన్‌కు వస్తున్న అమెత్సుచి టూరిస్టు రైలు ఇజుమో-యొకొతా దగ్గరే ఆగిపోతుంది. మూడు అంచెల ఎక్కుడు, మీయినోహరా ఎత్తు, బింగో-ఒచియాయ్ కలయిక దాని దారిలో లేవు. లైన్‌లో చూడదగ్గ భాగం ఏదో దానికే టూరిస్టు రైలు లేకుండా పోయింది.

ప్రయాణికులకు ఏం మారవచ్చు

రైళ్లు బస్సులైతే మొదట మారేది ఈ స్టేషన్ ఉనికే. రైలు పట్టాలు కలిసేచోట మనుషులు రైలు మారాలి, బస్సులకు ఆ బలవంతం లేదు. షోబారా నుంచి వచ్చే బస్సు బింగో-సైజోలోని హైస్కూలు, ఆస్పత్రి, సూపర్ మార్కెట్ల దగ్గర తిరిగి వెనక్కి పోవచ్చు. తోజో వైపు బస్సు ఎక్స్‌ప్రెస్‌వే మీది హైవే బస్సులకు కనెక్షన్ ఇవ్వవచ్చు. కిసుకి వైపు బస్సు ఒకుఇజుమో ఊళ్లలోనే తిరగవచ్చు. రోజువారీ అవసరాలకు ఇవి ఇప్పటి రైలు కంటే మెరుగ్గా ఉండే అవకాశమే ఎక్కువ. వాటిలో ఏ ఒక్కటీ బింగో-ఒచియాయ్ దాకా రావాల్సిన అవసరం మాత్రం ఉండదు.

రైలు కొనసాగితే పట్టాల ఖర్చు ఎవరిదన్నది తేలాలి. హిరోషిమా ప్రిఫెక్చర్ వాదన ప్రకారం, కంపెనీ మొత్తంగా లాభాల్లోకి తిరిగొచ్చింది కాబట్టి 1987 నాటి సర్దుబాటు కొనసాగాలి. కంపెనీ వాదన ప్రకారం, ఎక్కువ మందిని ఒకేసారి మోయడమే రైలు బలం, ఆ బలానికి ఇక్కడ పని లేదు. తదామి పద్ధతిలో పట్టాలు ప్రభుత్వాలు తీసుకుంటే ఏటా కోట్ల యెన్లు మూడు ప్రిఫెక్చర్లు పంచుకోవాలి. మూడేళ్ల గడువు ప్రకారం గెయిబి మండలి 2027 తొలి నెలల నాటికి ఒక మాట చెప్పాల్సి ఉంటుంది. షిమానె వైపు చర్చకు అలాంటి గడువు లేదు.